భైరవకోన గుహలు బౌద్ధులవేనా? మన జిల్లాల్లో బౌద్ధుల గుహలు అసలు ఉన్నాయా?

పామూరు_బస్టాండ్
కార్తీక మాసంలో ఇంట్లోవాళ్లందరం భైరవకోన వెళ్లొచ్చాం. జలపాతం, ఎనిమిది గుహాలయాలు, దుర్గమ్మ దర్శనం అన్నీ బాగా జరిగాయి. ఇంటికొచ్చాక మా తమ్ముడు ఒక వీడియో పంపాడు. ఒకాయన ఆ గుహల ముందే నిలబడి, ఇవన్నీ బౌద్ధ భిక్షువులు తొలిచిన గుహలని, తర్వాత ఎవరో లింగాలు పెట్టి శివాలయాలు చేశారని చెప్తున్నాడు. రుజువులు కూడా చూపిస్తున్నాడు. గుహ ముందు చూరు మీద గుర్రపు లాడం ఆకారంలో చిన్న చిన్న గూళ్లు చెక్కి ఉన్నాయి కదా, అవి అజంతాలో కూడా ఉంటాయట. గర్భగుడి, స్తంభాలు కొండ రాయే గానీ లింగాలు మాత్రం వేరే గ్రానైట్‌తో చేసి తెచ్చి పెట్టినవట. పైగా ఊరికి ఇంత దూరంగా, వాగు పక్కన, అడవిలో భిక్షువులు తప్ప ఎవరు తొలుస్తారు అంటున్నాడు.

కింద కామెంట్లలో జనం తిట్టుకుంటున్నారు. నాకు ఆ గొడవ వద్దు. కానీ ఆ గూళ్లు నేనూ చూశాను, లింగాల రాయి వేరుగా ఉన్నమాట కూడా నిజమే. అందుకే అప్పటి నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి, ఇవి బౌద్ధులవా కాదా? కాకపోతే ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో బౌద్ధుల గుహలు ఇంకెక్కడైనా ఉన్నాయా?

కనిగిరి_కుర్రోడు
ఆ వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో కూడా తిరుగుతోందన్నా. మా బాబాయి ఫార్వర్డ్ చేస్తే మా పెద్దనాన్న గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆయన్ని బతిమాలి వెనక్కి తెచ్చే పనిలో ఉన్నాం.

నల్లమల_గాలి
వీడియో చెప్పినదాంట్లో విషయం ఉంది, కొట్టిపారేయకండి. ఏలూరు జిల్లాలో జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలకు వెళ్లి చూడండి. గుండ్రటి గుహలో మధ్యలో రాతి స్తూపం ఉంటుంది. క్రీస్తుకు ముందు చెక్కింది. ఊరివాళ్లు దాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తున్నారు. అనకాపల్లి దగ్గర శంకరంలో కొండనే చెక్కి తీసిన స్తూపాలు వరసగా ఉంటే ఆ కొండని లింగాలకొండ అన్నారు. పల్నాడులో చేజర్ల కపోతేశ్వరాలయం వెనక భాగం గుండ్రంగా, ఏనుగు వీపులా ఉంటుంది. అది ఇటుకతో కట్టిన బౌద్ధ చైత్యం అని చాలామంది చరిత్రకారులే రాశారు. ఇన్నిచోట్ల జరిగింది భైరవకోనలో ఎందుకు జరగదు?

దర్శి_మాస్టారు
నల్లమల గారు చెప్పిన మూడు ఉదాహరణలూ సరైనవే. నేను పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు కూడా అవే చెప్తాను. కానీ అక్కడ జరిగింది కాబట్టి ఇక్కడా జరిగింది అనడం కుదరదు. ఇక్కడి గుహ ఏం చెప్తోందో చూడాలి.

బౌద్ధులు గుహ తొలిస్తే రెండే పనులకు. ఒకటి పూజకు, దాన్ని చైత్యం అంటాం. లోపల స్తూపం ఉంటుంది, దాని చుట్టూ ప్రదక్షిణ చేసేంత చోటు ఉంటుంది. మహారాష్ట్రలో కార్లే చైత్యం పొడవు సుమారు 124 అడుగులు, వెడల్పు 45 అడుగులు, రెండు వరసల స్తంభాలు, చివర స్తూపం. వందలమంది నిలబడొచ్చు. రెండోది ఉండడానికి, అది విహారం. మధ్యలో ఒక హాలు, మూడు వైపులా చిన్న చిన్న గదులు, చాలా గదుల్లో పడుకోడానికి రాతి అరుగు. వర్షాకాలం మూడు నెలలూ భిక్షువులు ఒకచోటే ఉండాలి కాబట్టి వాళ్లకి పడక కావాలి, నీళ్లు కావాలి. ముంబయి దగ్గర కన్హేరీలో వందకు పైగా గుహలున్నాయి, వాటి పక్కనే రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. కొండ మీద పడ్డ వాన నీళ్లు కాలవల్లోంచి వాటిలోకి దిగుతాయి.

ఇప్పుడు భైరవకోన గుర్తు చేసుకోండి. ముందు చిన్న వసారా, దానికి స్తంభాలు, వెనక ఒక్క గర్భగుడి. అంతే. ఎనిమిదీ దాదాపు అదే పద్ధతి. స్తూపం లేదు, స్తూపం పట్టే చోటు లేదు, గదులు లేవు, అరుగు లేదు. పూజారి ఒక్కడు లోపల నిలబడి అభిషేకం చేయడానికి సరిపోయే కొలత అది.

ఒంగోలు_గిత్త
అంటే భిక్షువులు నిలబడే నిద్రపోవాలన్నమాట.

పామూరు_బస్టాండ్
మాస్టారూ, ఇది బాగా అర్థమైంది. మరి ఆ లాడం ఆకారం గూళ్ల సంగతి?

హంపి_చూసొచ్చిన_లక్ష్మి
గూళ్ల గురించి నేను చెప్తాను. అది బౌద్ధుల గుర్తు కాదు, చెక్క ఇళ్ల గుర్తు.

పూర్వం మన దేశంలో పెద్ద కట్టడాలన్నీ చెక్కతో, వెదురుతో, గడ్డితో కట్టేవాళ్లు. వెదుళ్లు వంచి పైకప్పు వేస్తే ముందువైపు ఆ వంపు లాడంలా కనిపిస్తుంది. రాతిలో తొలవడం మొదలుపెట్టినప్పుడు శిల్పులు తమకు తెలిసిన ఇంటినే రాతిలో దింపారు. బీహార్‌లో బరాబర్ కొండల్లో లోమశ ఋషి గుహ ముఖద్వారం చూడండి, చెక్క వాకిలిని చూసి చెక్కినట్టే ఉంటుంది. ఆ కొండల్లో గుహలు కొన్ని అశోకుడు ఇచ్చినవి, అదీ బౌద్ధులకు కాదు, ఆజీవకులనే వేరే సన్యాసులకు! గుంటుపల్లి గుండ్రటి గుహలో తలెత్తి చూస్తే పైకప్పంతా ఎడ్లబండి గూడు లోపలి బద్దల్లా వంపు తిరిగిన రాతి వాసాలు. ఆ వాసాలు ఏ బరువూ మొయ్యవు, కొండే కప్పు కదా. అయినా చెక్కారు. కార్లే, భాజాల్లో అయితే రాతి కప్పుకి నిజం చెక్క వాసాలే బిగించారు, కార్లేలో ఆ పాత చెక్క ఇంకా ఉంది.

తర్వాత ఆ వంపు చిన్నదై చూరు మీద అలంకారం అయింది. మహాబలిపురంలో ఉంది, బాదామిలో ఉంది, మన పక్క గుళ్ల విమానాల మీద ఉంది. గూడు ఉంది కాబట్టి బౌద్ధం అంటే దక్షిణాదిలో సగం శివాలయాలు బౌద్ధులకు రాసివ్వాలి.

నల్లమల_గాలి
లక్ష్మి గారూ, ఆ అలంకారాన్ని గుళ్లకి ఇచ్చింది బౌద్ధ చైత్యాలే కదా మరి? ముందు వాళ్లు చెక్కారు, తర్వాత వీళ్లు నేర్చుకున్నారు.

హంపి_చూసొచ్చిన_లక్ష్మి
రాతిలో ముందు చెక్కింది ఎక్కువగా వాళ్లే, ఒప్పుకుంటా. కానీ ఒక పనివాడి దగ్గర ఇంకొక పనివాడు నేర్చుకోవడం వేరు, ఒకరి గుహ ఇంకొకరు తీసుకోవడం వేరు. వీడియోలో చెప్పింది రెండోది.

చీమకుర్తి_క్వారీ
చదువుకున్నవాళ్లు మాట్లాడుతున్నారని ఇంతసేపూ ఊరుకున్నా. రాయి సంగతి వచ్చింది కాబట్టి చెప్తా. మా ఇంట్లో అందరిదీ రాతి పనే. తాత ఉలి పట్టాడు, నాన్న డ్రిల్లింగ్ మిషను, నేను వైర్ సా, అంటే రాయిని కోసే తీగ రంపం.

రాతి పనిలో ఒకటే రూలు. తీసెయ్యగలవు, కలపలేవు. ఇటుక గోడ అయితే రేపు ఇంకో వరస పెట్టుకోవచ్చు. కొండని తొలిచినచోట ఒక బొమ్మ కావాలంటే ఆ బొమ్మకు సరిపడా రాయి మొదటి రోజు నుంచే వదిలిపెట్టాలి. వదలకుండా గోడ నున్నగా చెక్కేశాక నీకు దేవుడి బొమ్మ కావాలంటే ఒకటే దారి, గోడని లోపలికి తొలవాలి. అప్పుడు బొమ్మ గుంటలో ఉంటుంది, గోడ మట్టం కన్నా లోపలికి.

భైరవకోనలో ద్వారపాలకుల్ని దగ్గరగా చూడండి. వసారా గోడకు పక్కన స్తంభంలా వదిలిన పట్టీ ఉంటుంది, ద్వారపాలకుడు ఆ పట్టీల మధ్య నిలబడి ఉంటాడు. కొలత అంతా అతన్ని లెక్కలోకి తీసుకునే వేశారు. స్తంభాల అడుగున కూర్చున్న సింహాలు కూడా అంతే. సింహం ముఖం స్తంభం కన్నా ముందుకు వచ్చి ఉంటుంది. మామూలు స్తంభం చెక్కేశాక దాంట్లోంచి సింహాన్ని తియ్యడం ఎవడి వల్లా కాదు. అక్కడ రాయే లేదు కదా! కొన్ని గుహల్లో లోపల గోడకు బ్రహ్మ, విష్ణువు ఉన్నారు. మధ్యలో లింగం, పక్కన వాళ్లిద్దరు. ఇదంతా ఒకే చేతి లెక్క.

లింగం వేరే రాయి అన్నారు. నిజమే. కానీ లింగం కూర్చున్న వేదిక కొండ రాయే. పూజకు నల్లగా, నున్నగా, పగులు లేని రాయి కావాలి, రోజూ నీళ్లు, పాలు పడతాయి. అది వేరేచోట చెక్కి తెచ్చి కూర్చోబెట్టడం మామూలే. తమిళనాడు పల్లవ గుహల్లో చాలాచోట్ల లింగం కోసం నేలలో గుంట మాత్రం తొలిచి ఉంటుంది.

దర్శి_మాస్టారు
చీమకుర్తి గారూ, ఇది నేను రేపే క్లాసులో చెప్తాను.

ఒంగోలు_గిత్త
వైర్ సా ఉండి ఉంటే ఎల్లోరా కైలాసం ఎన్నాళ్లలో అయ్యేది అన్నా?

చీమకుర్తి_క్వారీ
కోయడం తొందరగానే అయ్యేది. చెక్కడం మాత్రం అప్పుడైనా ఇప్పుడైనా మనిషి చేతిదే. కైలాసం పైనుంచి కిందికి చెక్కారు, అందుకే పరంజా అవసరం పడలేదు. శిఖరం ముందు, పునాది చివర. మామూలు మేస్త్రీకి ఇది చెప్తే తల తిరుగుతుంది. గుహలు కూడా అంతే, ముందు కప్పు పని పూర్తి చేసుకుని కిందికి దిగుతారు. అజంతాలో సగంలో ఆగిపోయిన గుహలున్నాయి, 24వ నంబరు గుహ చూస్తే ఈ పని వరస తెలుస్తుంది. పూర్తయిన గుహ కన్నా నాకు అవే ఎక్కువ నచ్చుతాయి.

పెన్నా_ఒడ్డు
చీమకుర్తి అన్న చెప్పిన రూలుకి ఒక నిజమైన ఉదాహరణ చెప్తా. పుణెలో ఉద్యోగం చేసేటప్పుడు జున్నర్ దగ్గర లేణ్యాద్రి వెళ్లాం. అష్టవినాయకుల్లో ఒకరు అక్కడున్నారు. మెట్లెక్కి లోపలికి పోతే పెద్ద హాలు, మధ్యలో ఒక్క స్తంభం లేదు, చుట్టూ మూడు వైపులా చిన్న గదులు. అచ్చం మాస్టారు చెప్పిన విహారమే. వినాయకుడు వెనక గోడకు ఉన్నాడు. అంటే బౌద్ధ విహారంలోకి తర్వాత వినాయకుడు వచ్చాడు, అది అందరికీ తెలిసిన సంగతే. కానీ చూడండి, దేవుడు మారినా గుహ రూపం మారలేదు. గదులు అలాగే ఉన్నాయి. భైరవకోన కూడా అలాంటిదే అయితే ఆ పాత రూపం ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా.

మా అమ్మ అక్కడ గరిక పెట్టి దణ్ణం పెట్టుకుని, గదులు చూసి "పాపం ఈ చిన్న గదుల్లో ఎట్టా ఉన్నారో" అంది. ఆమెకు రెండూ ఒకేసారి కనిపించాయి, ఇబ్బందేం పడలేదు.

కనిగిరి_కుర్రోడు
మీ అమ్మగారిని మా పెద్దనాన్న దగ్గరికి ఒకసారి పంపండి అన్నా.

ఉలవపాడు_మామిడి
ఇంతకీ రెండో ప్రశ్న మర్చిపోయారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో రాతి గుహలు, ఏనుగు బొమ్మలు, రెండంతస్తుల గుహలు ఉన్నాయని నెట్‌లో ఫొటోలు చూశా. అవి బౌద్ధులవేనా?

పెన్నా_ఒడ్డు
మీరు చూసిన ఫొటోలు ఒడిశా ఉదయగిరివి తమ్ముడూ, భువనేశ్వర్ పక్కన. అవి జైనులవి, కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం అక్కడే ఉంది. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర ఇంకో ఉదయగిరి ఉంది, అవి గుప్తుల కాలం గుహలు, వరాహమూర్తి శిల్పం ప్రసిద్ధి. మన ఉదయగిరి కొండ మీద ఉన్నది కోట. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి గెలిచిన కోట. మూడు ఉదయగిరులూ కలిసిపోయి నెట్‌లో ఒక్కటైపోయాయి.

నల్లమల_గాలి
సరే, ఉండవల్లి సంగతేంటి? నాలుగంతస్తుల గుహ, పైన అనంతపద్మనాభుడి శయనమూర్తి. అది ముందు బౌద్ధ విహారమే అని ఎన్నో పుస్తకాల్లో ఉంది. దాన్ని కూడా కాదంటారా?

దర్శి_మాస్టారు
ఉండవల్లి మీద పండితుల్లోనే రెండు మాటలున్నాయి. కింది అంతస్తు సాదాగా, అంతస్తుల పద్ధతి విహారంలా ఉండడం చూసి ముందు బౌద్ధులదో జైనులదో అన్నవాళ్లున్నారు. విష్ణుకుండినుల కాలంలో మొదటి నుంచీ వైష్ణవ గుహగానే తొలిచారన్నవాళ్లూ ఉన్నారు. శయనమూర్తి మాత్రం సుమారు 20 అడుగుల పొడవు, కొండతో ఒకటే రాయి. చీమకుర్తి గారి రూలు పెట్టి చూస్తే ఆ మూర్తికి కావాల్సిన రాయి ముందు నుంచీ వదిలినదే. కనీసం ఆ అంతస్తు విష్ణువు కోసమే తొలిచారనుకోవాలి.

నల్లమల_గాలి
ఆ అంతస్తు వరకే. కింది అంతస్తు గురించి నా మాట నాదే.

దర్శి_మాస్టారు
అంతవరకు నాకూ అభ్యంతరం లేదు.

పలకల_మార్కాపురం
నాకొక సందేహం. మహారాష్ట్ర నిండా బౌద్ధ గుహలున్నాయి. శాతవాహనులు అక్కడా ఏలారు, ఇక్కడా ఏలారు. మరి మన వైపు కొండలకేం తక్కువ? నల్లమల ఉంది, వెలిగొండలున్నాయి. బౌద్ధులు ఇక్కడ గుహలు ఎందుకు తొలవలేదు? మా ఊరి పలక రాయి అయితే పొరలు పొరలుగా ఊడొస్తుంది, దాంట్లో గుహ తొలిస్తే కప్పు నెత్తిన పడుతుంది, అది తెలుసు. మిగతా కొండల సంగతేంటి?

చీమకుర్తి_క్వారీ
మంచి ప్రశ్న. మహారాష్ట్రలో ఉన్నది లావా చల్లారి గట్టిపడ్డ నల్లరాయి, బసాల్ట్. పొరలు మందంగా, అడ్డంగా పరుచుకుని ఉంటాయి. నదులు కోసేసి నిలువు గోడలు చేశాయి. తొలిచేవాడికి ముందు గోడ సిద్ధంగా ఉంటుంది, పైన గట్టి పొర కప్పులా ఉంటుంది. మన గ్రానైటు జాతి రాయి ఉలిని తినేస్తుంది. మా గెలాక్సీ రాయికి ఇప్పటికీ వజ్రం తీగ కావాలి. అలాగని అసాధ్యం కాదు, బరాబర్ గుహలు గ్రానైటే, లోపల గోడలు అద్దంలా మెరుస్తాయి. కానీ అది చక్రవర్తి చేయించిన పని.

అసలు కారణం నాకు తోచింది ఏంటంటే, మనవాళ్లకి అంతకన్నా మంచి రాయి దొరికింది. పల్నాటి సున్నపురాయి. నేల మీద పరుపులుగా ఉంటుంది, పలకలుగా లేస్తుంది, తాజాగా తీసినప్పుడు మెత్తగా ఉలికి లొంగుతుంది. సన్న పని, నగలు, వేళ్ల గోళ్లు కూడా వస్తాయి. ఇటుకలతో స్తూపం కట్టి దానికి ఆ పలకలు తొడిగితే పోయె. అమరావతి, నాగార్జునకొండ అట్టా వచ్చినవే. ఇంత రాయి చేతిలో ఉన్నవాడు కొండతో ఎందుకు కుస్తీ పడతాడు?

చినగంజాం_ఉప్పు
పలకల మార్కాపురం గారి శాతవాహనుల మాటకి ఒకటి కలుపుతా. మా చినగంజాంలో యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనం దొరికింది, ఆయన పాలనలో 27వ ఏటిది. (ఇప్పుడు మాది బాపట్ల జిల్లా అయింది, 2022 దాకా ప్రకాశమే. ఇక్కడ నుంచి వెళ్లగొట్టకండి.) అదే రాజు కాలం శాసనాలు నాసిక్ గుహల్లో, కన్హేరీ గుహల్లో ఉన్నాయి. అక్కడ ఆయన రాజ్యంలో భిక్షువులకు గుహలు తొలుస్తుంటే ఇక్కడ అదే రాజ్యంలో ఇటుక, సున్నపురాయి స్తూపాలు. నాసిక్ మూడో గుహ ఇచ్చింది శాతవాహన రాజమాత గౌతమీ బాలశ్రీ, మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో. ఆ పులుమావి పేరుతో శాసనం అమరావతిలో కూడా ఉంది. రాజు ఒకడే, ధర్మం ఒకటే, రాయిని బట్టి కట్టడం మారింది.

హంపి_చూసొచ్చిన_లక్ష్మి
చినగంజాం గారూ, ఎక్కడికి వెళ్లగొడతాం, మీ ఉప్పు తిన్నవాళ్లం.

గుండ్లకమ్మ_గట్టు
ఇంతమంది ఇన్ని ఊళ్లు తిరిగొచ్చారు గానీ చందవరం పేరు ఒక్కరూ ఎత్తలేదు. బాధగా ఉంది.

పామూరు గారూ, మన జిల్లాలో బౌద్ధం ఎక్కడ అని అడిగారు కదా. దొనకొండ మండలం, చందవరం. గుండ్లకమ్మ పక్కన సింగరకొండ అనే గుట్ట మీద మహాస్తూపం ఉంది. 1964లో వేలూరి వేంకట కృష్ణశాస్త్రి గారు గుర్తించారు. 1972, 1977 మధ్య పురావస్తు శాఖ తవ్వించింది. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నుంచి క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం దాకా నడిచిన చోటు. మహాస్తూపం, దాని చుట్టుపక్కల చిన్న స్తూపాలు, విహారాల పునాదులు. చీమకుర్తి గారు చెప్పిన సున్నపురాతి పలకలే, వాటి మీద చెక్కడాలు. అమరావతి పద్ధతి.

అక్కడి శిల్పాలు దొంగలపాలయ్యాయి. వాటిలో ఒకటి, బుద్ధుణ్ణి ఆరాధిస్తున్న భక్తుల పలక, చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. వాళ్లు 2005లో డబ్బు పోసి కొన్నారు. దొంగ సొత్తని తేలాక 2016లో మన దేశానికి తిరిగిచ్చారు. మా ఊరి పక్క గుట్ట మీద రాయి సముద్రాలు దాటి వెళ్లి గాజు పెట్టెలో లైట్ల కింద నిలబడింది. మనవాళ్లు ఆ గుట్ట ఎక్కరు. నేను చిన్నప్పుడు మేకల వెంట ఆ గుట్ట ఎక్కినవాణ్ణి. అక్కడ మాకు ఎవరూ ఇది ఫలానా అని చెప్పలేదు. ఇప్పుడు మా పిల్లలకి నేను చెప్తున్నా.

గుహ లేదని బెంగ ఎందుకు? భైరవకోనని బౌద్ధులది చేయాల్సిన పనేముంది? వాళ్లది వాళ్లకి ఉంది, చందవరంలో, ఎండలో.

ఒంగోలు_గిత్త
సింగరకొండ అంటే అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి గుడి కదా? చాలాసార్లు వెళ్లాం, స్తూపం ఏమీ కనపడలేదే.

గుండ్లకమ్మ_గట్టు
అది వేరే సింగరకొండ, భవనాశి చెరువు పక్కన. ఇది దొనకొండ వైపు. పేరు ఒకటే అవడం వల్ల మా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా దారి తప్పి అద్దంకిలో దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతున్నారు.

ఒంగోలు_గిత్త
దణ్ణం వృథా కాదులే.

నల్లమల_గాలి
గుండ్లకమ్మ గారి మాటకి నమస్కారం. కానీ వీడియోలో అడిగిన ఒక ముక్కకి ఎవరూ జవాబు చెప్పలేదు. అంత అడవిలో శివాలయాలు ఎందుకు? ఎనిమిది గుహలు తొలిపించాలంటే డబ్బున్న రాజు కావాలి. రాజు ఊళ్లో కట్టిస్తాడు గానీ అడవిలో ఎందుకు?

దర్శి_మాస్టారు
అడవి, కొండ, జలపాతం... శైవులకు అంతకన్నా ఇష్టమైన చోటు ఏముంటుంది? శ్రీశైలం ఎక్కడుంది? మహానంది ఎక్కడుంది? తపస్సు చేసుకునేవాళ్లు భిక్షువుల్లో మాత్రమే లేరు కదా.

రాజుల మాటకొస్తే, మన ప్రాంతం తొలి పల్లవుల గడ్డ. వాళ్ల ఓంగోడు తామ్రశాసనాలు, చెందలూరు తామ్రశాసనాలు మన జిల్లావే. తర్వాత ఏడో శతాబ్దంలో మహేంద్రవర్మ మండగపట్టులో గుహ తొలిపించి శాసనం వేయించాడు. ఇటుక లేకుండా, కలప లేకుండా, లోహం లేకుండా, సున్నం లేకుండా బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు గుడి కట్టించానని. మూడు దేవుళ్లకు మూడు గర్భగుళ్లు. భైరవకోనలో మధ్యలో లింగం పెట్టి గోడలకు బ్రహ్మ విష్ణువుల్ని చెక్కిన పద్ధతి చూస్తే ఆ ఆలోచన ఎక్కడిదో తెలుస్తుంది. సింహం కూర్చున్న స్తంభం కూడా పల్లవుల ముద్రే. ఇందులో తూర్పు చాళుక్యుల చెయ్యి ఎంత, పల్లవులది ఎంత అని వాదన ఉంది. కాలం ఏడు నుంచి తొమ్మిదో శతాబ్దం మధ్య అంటున్నారు. ఎనిమిదీ ఒకేసారి చెక్కినవి కావు. కొన్ని సాదాగా ఉన్నాయి, కొన్ని బాగా పండిన పని.

నల్లమల_గాలి
గుహలు తొలవకముందు అక్కడ సహజంగా ఉన్న రాతి చాటున భిక్షువులు తలదాచుకుని ఉండొచ్చు. దాన్ని కాదనలేరు.

చీమకుర్తి_క్వారీ
మేకల కాపర్లు కూడా తలదాచుకుని ఉండొచ్చు. ఉండొచ్చు అన్నదానికి రాయి మీద గుర్తు కావాలన్నా. అక్కడ ఒక్క స్తూపం, ఒక్క బుద్ధుడు, ఒక్క ధర్మచక్రం, పాళీ ప్రాకృతాల్లో ఒక్క దానశాసనం చూపించండి, నేనే ముందు ఒప్పుకుంటా.

నల్లమల_గాలి
వెతుకుతా. దొరికితే ఇక్కడే పెడతా.

పలకల_మార్కాపురం
పెట్టన్నా, అందరం చూస్తాం. దొరక్కపోతే నువ్వు చెప్పిన శంకరంలోని బొజ్జన్నకొండ ఫొటోలన్నా పెట్టు, అక్కడికి నేనింకా పోలేదు.

నల్లమల_గాలి
ఆ ఫొటోలు ఉన్నాయి, రాత్రికి పెడతా. అక్కడొక సంగతి చెప్పాలి. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ కొండ మీదికి వచ్చి ఒక బొజ్జ బొమ్మని రాక్షసుడనుకుని రాళ్లతో కొట్టే ఆనవాయితీ ఉండేది. పండగ పేరుతో ఎన్నాళ్లు కొట్టారో! అందుకే నాకు ఈ విషయంలో కోపం ఎక్కువ. గుర్తు తెలియకపోతే మనవాళ్ల చేతిలోనే పోతాయి.

గుండ్లకమ్మ_గట్టు
ఆ కోపం నాకూ ఉంది నల్లమల అన్నా. ఆ కోపంతోనే ఒకసారి చందవరం రా. మా ఇంట్లో భోజనం.

పామూరు_బస్టాండ్
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. తమ్ముడికి చీమకుర్తి అన్న పోస్టు, మాస్టారి పోస్టు పంపించాను. చదివి, "అయితే మళ్లీ భైరవకోన వెళ్లి ఆ సింహాల పక్క నుంచి ఫొటోలు తీసుకొద్దాం" అంటున్నాడు. అంటే బౌద్ధులవి కావని తేలినట్టే నాకు, మిగతావాళ్ల సంగతి వాళ్లిష్టం.

ఇంకో సాయం. పిల్లలకి సంక్రాంతి సెలవుల్లో చందవరం చూపించాలనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, గుట్ట ఎక్కలేదు. ఆమె కూడా చూడగలిగేది ఏదైనా ఉందా? ట్రైన్లో రావడం కుదురుతుందా?

గుండ్లకమ్మ_గట్టు
దొనకొండలో రైల్వే స్టేషన్ ఉంది, గుంటూరు నంద్యాల లైను. అక్కడ దిగితే ఆటో మాట్లాడుకోవచ్చు, తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి, ఖాళీ ఆటో అక్కడ దొరకదు. నీళ్లు, తిండి వెంట తెచ్చుకోండి, గుట్ట మీద ఏమీ ఉండదు. పొద్దున్నే వస్తే మేలు, చెక్కడం మీద ఎండ ఏటవాలుగా పడితేనే గీతలు కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం తెల్లగా చదునుగా ఉంటుంది.

చినగంజాం_ఉప్పు
అమ్మగారికైతే కనపర్తి తీసుకెళ్లండి, నాగులుప్పలపాడు మండలం, ఒంగోలు నుంచి దగ్గరే. అక్కడ మ్యూజియం ఉంది. బౌద్ధ శిల్పాలు, శైవ శిల్పాలు రెండూ ఒకేచోట చూడొచ్చు. కొండ ఎక్కే పని లేదు, నేల మీదే. వెళ్లే ముందు తెరిచి ఉంటుందా లేదా కనుక్కోండి, శుక్రవారం మేం వెళ్తే తాళం వేసి ఉంది.

కనిగిరి_కుర్రోడు
పామూరు అన్నా, వెళ్లేటప్పుడు కారులో ఒక సీటు ఉంటే చెప్పు. మా పెద్దనాన్న వస్తానంటున్నాడు.